డాక్టరు ఒక ఊళ్లో, రోగి మరో ఊళ్లో: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈ నెల మా శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో చాలా భాగం చెన్నై, బెంగళూరు నగరాల్లో ఉంటున్న తెలుగువారు రాసినవి. అందులోనూ ఎక్కువ రోబో సాయంతో చేసే ఆపరేషన్ల గురించే. అమ్మానాన్నలను వైద్యం కోసం సొంత ఊరి నుంచి ఈ నగరాలకు తీసుకువచ్చిన పిల్లలు, ఆసుపత్రిలో ఆ మాట విని కంగారుపడి రాసిన ఉత్తరాలవి. ఒకేలా ఉన్నవాటిని కలిపి ఆరు ప్రశ్నలుగా ఇక్కడ ఇస్తున్నాను. చెన్నైలో చాలా ఏళ్లుగా కడుపు ఆపరేషన్లు చేస్తున్నవాడిని, వాటిలో కొన్ని రోబోతోనూ చేసినవాడిని కనుక, నా అనుభవంలోకి వచ్చిన సంగతులు కూడా అక్కడక్కడా కలిపాను.

ప్రశ్న: మా నాన్నగారికి 67 ఏళ్లు. ప్రోస్టేట్ క్యాన్సర్ అని తేలడంతో మదనపల్లె నుంచి మా దగ్గరికి తీసుకొచ్చాం. ఇక్కడి ఆసుపత్రిలో రోబోటిక్ పద్ధతిలో ఆపరేషన్ చేస్తామన్నారు. "డాక్టరు చెయ్యి పెట్టకుండా మిషను కోస్తుందా? అయితే నాకొద్దు" అని నాన్న భీష్మించుకుని కూర్చున్నారు. ఆయనకు ఎలా చెప్పాలి?
– ఒక పాఠకురాలు, కె.ఆర్. పురం, బెంగళూరు

జవాబు: మీ నాన్నగారిని తప్పు పట్టలేం. తప్పంతా ఆ పేరుదే. రోబో అనగానే తనంతట తాను ఆలోచించి పని చేసుకుపోయే యంత్రం ఎవరికైనా కళ్ల ముందు మెదులుతుంది గాని, ఆపరేషన్ థియేటర్లో ఉండేది అలాంటిది కాదు. దర్జీ కాలు ఆడకపోతే కుట్టు మిషను కదలనట్టే, సర్జన్ వేళ్లు కదలకపోతే ఈ యంత్రం చేతులూ కదలవు.

థియేటర్లో ఏముంటుందో చెబుతాను, ఆయనకు చదివి వినిపించండి. రోగి బల్ల పక్కన నాలుగు పొడవాటి చేతులున్న బండి ఒకటి ఉంటుంది. పొట్టను కార్బన్ డయాక్సైడ్ వాయువుతో ఉబ్బించి, ఇంచుమించు 8 మిల్లీమీటర్ల వెడల్పున్న చిన్న రంధ్రాలు చేసి, వాటి గుండా ఒక చేతికి కెమెరా, మిగిలిన చేతులకు కత్తెర, పట్టుకారు, సూది పట్టుకునే పరికరం అమరుస్తారు. అదే గదిలో ఓ పక్కన, పది పన్నెండు అడుగుల దూరంలో, కన్సోల్ అనే పెట్టె లాంటి పీట ఉంటుంది. సర్జన్ అక్కడ కూర్చుని, నుదురు ఆనించి, రెండు కళ్లకూ వేర్వేరుగా వచ్చే బొమ్మల వల్ల లోతు కూడా తెలిసేలా, పదింతల వరకు పెద్దదై కనిపించే కడుపు లోపలి భాగాన్ని చూస్తారు. బొటనవేలినీ మరో వేలినీ చిన్న పట్టీలలో దూర్చి కదిపితే, లోపల పరికరం కొస అదే కదలికను చేస్తుంది. కెమెరా జరపడానికీ, రక్తనాళాన్ని కాల్చి మూయడానికీ పాదాల కింద పెడళ్లుంటాయి. ఏ పెడల్ మీద కాలు ఉందో చూడకుండానే తెలియాలని మాలో చాలామంది బూట్లు విప్పి, మేజోళ్లతో కూర్చుంటాం. సర్జన్ ఆ చూసే చోటు నుంచి తల ఎత్తగానే అక్కడున్న సెన్సరు పసిగట్టి చేతులను ఉన్నచోటనే నిలిపేస్తుంది. వెనక నుంచి ఎవరో పలకరిస్తే తల తిప్పినా, లోపల పరికరం ఏమీ చేయదు.

ప్రోస్టేట్ గ్రంథి కటి ఎముకల మధ్య, ఇరుకు సందులో, మూత్రాశయం కింద ఉంటుంది. దాన్ని తీసేశాక మూత్రాశయాన్నీ మూత్రనాళాన్నీ మళ్లీ కలిపి కుట్టాలి. మామూలు లాపరోస్కోపీ (రోబో లేకుండా చిన్న రంధ్రాల గుండా కెమెరాతో చూస్తూ చేసే ఆపరేషన్) పరికరాలు నిటారు కడ్డీల్లాంటివి, వాటికి మణికట్టు ఉండదు. రోబో పరికరం కొస మణికట్టులా వంగుతుంది, తిరుగుతుంది. పైగా సర్జన్ చెయ్యి మూడు సెంటీమీటర్లు కదిలితే కొస ఒక్క సెంటీమీటరే కదిలేలా అమర్చుకోవచ్చు. చేతిలోని సన్నని వణుకును యంత్రం వడకట్టేస్తుంది. అందుకే ప్రోస్టేట్ ఆపరేషన్లలో ఇది అంత త్వరగా పాతుకుపోయింది.

ఇందులో ఒక లోటు ఉంది, అది కూడా చెప్పాలి. చాలా యంత్రాల్లో సర్జన్ వేళ్లకు స్పర్శ అందదు. నేను శిక్షణకు వెళ్లిన మొదటి రోజు, రబ్బరు ముక్క మీద ముడి వేయమంటే, సన్నని దారాన్ని వరసగా మూడుసార్లు పుటుక్కున తెంపేశాను. ఇరవై ఏళ్లుగా ముడులు వేసిన చేతులవి! ఎంత గట్టిగా లాగుతున్నానో వేళ్లకు తెలియకపోవడమే కారణం. దారం ఎంత బిగిసిందో, కింది కండ ఎంత తెల్లబడిందో చూసి, ఆ బిగువును కంటితో అంచనా కట్టడం నేర్చుకోవాలి. 2024లో అమెరికాలో అనుమతి పొందిన డా విన్సీ 5 అనే రోబోలో కొన్ని పరికరాలకు ఆ ఒత్తిడి తెలిసే ఏర్పాటు వచ్చింది.

ఇక రోబో అన్నంత మాత్రాన ఫలితం మెరుగని అనుకోకండి. ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో 326 మంది ప్రోస్టేట్ రోగులను రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు కోత ఆపరేషన్, మరో జట్టుకు రోబో ఆపరేషన్ చేయించి రెండేళ్లు గమనించారు. మూత్రం ఆపుకోగలగడంలో, దాంపత్య సామర్థ్యంలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. రోబో జట్టులో రక్తం తక్కువ పోయింది, ఆసుపత్రి నుంచి త్వరగా ఇంటికి వెళ్లారు. కాబట్టి మీరు అడగాల్సింది యంత్రం గురించి కాదు: ఈ సర్జన్ ఈ పద్ధతిలో ఇలాంటి ఆపరేషన్లు ఎన్ని చేశారు, రోగి పక్కన నిలబడే సహాయ సర్జన్ ఎవరు అని అడగండి.

ప్రశ్న: గురుగ్రామ్‌లో ఉన్న డాక్టరు జైపూర్‌లో ఉన్న రోగికి ఆపరేషన్ చేశారని చదివాను. నేను రైల్వేలో సిగ్నలింగ్ విభాగంలో పని చేసి రిటైరయ్యాను. తీగ మీద వెళ్లే ఆదేశానికి ఎంతో కొంత ఆలస్యం తప్పదని నాకు తెలుసు. కత్తి పట్టిన చేతికి ఆ ఆలస్యం ప్రమాదం కాదా?
– ఒక పాఠకుడు, పెరంబూర్, చెన్నై

జవాబు: చదివింది నిజమే. 2025 జనవరిలో డాక్టర్ సుధీర్ శ్రీవాస్తవ గురుగ్రామ్‌లో కన్సోల్ ముందు కూర్చుని, 286 కిలోమీటర్ల దూరంలో జైపూర్ ఆసుపత్రి బల్ల మీద ఉన్న రోగికి, ఛాతీ గోడ లోపలి వైపున ఉండే ధమనిని బైపాస్ కోసం వేరు చేశారు. వాడింది మన దేశంలో తయారైన ఎస్సెస్సై మంత్ర అనే రోబో. ఆలస్యం 35 నుంచి 40 మిల్లీసెకన్లని ప్రకటించారు. అంటే సెకనులో ఇరవై అయిదో వంతు. కనురెప్ప ఒకసారి వాల్చి ఎత్తడానికి ఇంతకన్నా ఎక్కువ సమయమే పడుతుంది.

ఈ ఆలస్యం ఎక్కడ పుడుతుందో సిగ్నలింగ్ మనిషి కనుక మీకు సులువుగా అర్థమవుతుంది. గాజు తీగలో వెలుగు సెకనుకు దాదాపు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. చెన్నై నుంచి బెంగళూరుకు 350 కిలోమీటర్లనుకుంటే, ఆదేశం వెళ్లి బొమ్మ తిరిగి రావడానికి తీగ మీద పట్టేది నాలుగు మిల్లీసెకన్ల లోపే. అంటే దూరం కన్నా ఎక్కువ కాలం తినేది మధ్యలో ఉన్న యంత్రాలు: కెమెరా బొమ్మను కుదించడం, అవతల విప్పడం, ముక్కలుగా పంపే ఆ సమాచారపు పొట్లాలు దారిలోని ప్రతి కూడలిలో వరసలో నిలబడటం.

ఈ ఆలస్యం చేతికి ఎలా ఉంటుందో ఇంట్లోనే చూడవచ్చు. ఫోనును డబ్బాకో పుస్తకాల దొంతరకో ఆనించి, కెమెరా తెరిచి, చేతులు ఫోను వెనక పెట్టి, తెర మీద మాత్రమే చూస్తూ సూదిలో దారం ఎక్కించండి. కాస్త తడబడినా ఎక్కుతుంది. ఆ తరువాత ఇంట్లో మరో ఫోనుకు వీడియో కాల్ చేసి, మొదటి ఫోను కెమెరాను చేతుల మీదికి తిప్పి, రెండో ఫోను తెర చూస్తూ అదే పని చేయండి. దారం కొస సూది బెజ్జం దగ్గరికి వచ్చిందని మీరు చెయ్యి ఆపుతారు, తెర మీద మాత్రం అది ఇంకా ముందుకు పోతూనే ఉంటుంది. అయ్యో అని వెనక్కి లాగుతారు, అప్పటికే అది అవసరమైన దానికన్నా వెనక్కి వచ్చేసి ఉంటుంది. ఇలా రెండు వైపులా ఊగులాడుతూ, చివరికి ఏమీ చేయలేక, కొంచెం కదిపి ఆగి, చూసి, మళ్లీ కొంచెం కదపడం మొదలుపెడతారు. నేను మా వంటింటి బల్ల మీద ఈ పరీక్ష చేస్తే పావుగంట పట్టింది, మా ఆవిడ పక్కన నిలబడి నవ్వుతూనే ఉంది. దూరం నుంచి ఆపరేషన్ చేసే సర్జన్లు కూడా ఆలస్యం పెరిగేకొద్దీ సరిగ్గా ఇదే పని చేస్తారు. కదిలించు, ఆగు, చూడు. దానివల్ల ఆపరేషన్ సాగుతుంది, మత్తులో ఉండే సమయం పెరుగుతుంది.

ఈ చరిత్రలో మొదటి పెద్ద మెట్టు 2001 సెప్టెంబరు 7న పడింది. ఫ్రాన్స్ సర్జన్ జాక్ మారెస్కో న్యూయార్క్‌లో కూర్చుని, అట్లాంటిక్ అవతల స్ట్రాస్‌బుర్గ్ ఆసుపత్రిలో ఉన్న 68 ఏళ్ల స్త్రీకి జ్యూస్ అనే రోబోతో పిత్తాశయం తీశారు. అట్లాంటిక్‌ను ఒంటరిగా విమానంలో దాటిన లిండ్‌బర్గ్ పేరు ఆ ఆపరేషన్‌కు పెట్టారు. ప్రత్యేకంగా కేటాయించిన ఫైబర్ లైను మీద, రానూ పోనూ కలిపి సగటున 155 మిల్లీసెకన్లు పట్టింది. అందులో దాదాపు సగం సముద్రం దాటడానికి, తక్కిన సగం బొమ్మను కుదించి విప్పడానికే సరిపోయింది. అంతకుముందు చేసిన ప్రయోగాలలో ఆలస్యం 300 మిల్లీసెకన్లు దాటితే చేతికీ కంటికీ పొత్తు కుదరదని తేలింది గనుక, ఆ గీతకు ఇవతలే ఉండేలా చూసుకున్నారు. అప్పుడు కూడా స్ట్రాస్‌బుర్గ్‌లో రోగి పక్కన సర్జన్లు చేతులు కడుక్కుని సిద్ధంగా నిలబడే ఉన్నారు. వార్తల్లో ఆ మాట చివరి పేరాలో వచ్చింది గాని, నా దృష్టిలో మొదటి పేరాలో రావలసిన మాట అదే.

మన దేశంలో 2018 డిసెంబరులో డాక్టర్ తేజస్ పటేల్ గాంధీనగర్‌లోని అక్షరధామ్ ఆలయ ప్రాంగణం నుంచి, 32 కిలోమీటర్ల దూరంలో అహ్మదాబాద్‌లో ఉన్న అయిదుగురు రోగులకు గుండె రక్తనాళాల్లో స్టెంట్లు అమర్చారు. అది కోత ఆపరేషన్ కాదు, తీగను నాళంలోకి నెట్టే పని. దానికి వాడిన రోబో కూడా వేరు.

ఆలస్యం ఎంతన్నది ఒక ఎత్తయితే, అది నిలకడగా ఉందా లేదా అన్నది మరో ఎత్తు. ఎప్పుడూ 100 మిల్లీసెకన్లే ఉంటే చెయ్యి కాసేపటికి దానికి అలవాటు పడుతుంది. ఒకసారి 40, మరుక్షణం 200, ఆ వెంటనే 60 అంటూ మారుతుంటే ఏ చెయ్యీ అలవాటు పడలేదు. మామూలు ఇంటర్నెట్ మీద కాకుండా కేటాయించిన లైను అడిగేది అందుకే. ఉపగ్రహం సంగతి మీరు అడగలేదు గాని, చాలామంది అడుగుతారు. భూమికి 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉండే సమాచార ఉపగ్రహం గుండా ఆదేశం వెళ్లి బొమ్మ తిరిగి రావాలంటే నాలుగుసార్లు ఆ ఎత్తు దాటాలి. వెలుగు వేగంతోనే దాదాపు అర సెకను పోతుంది, యంత్రాల ఆలస్యం దాని మీద అదనం. 2024 ఫిబ్రవరిలో అమెరికాలోని నెబ్రాస్కా నుంచి సర్జన్లు అంతరిక్ష కేంద్రంలో ఉన్న చిన్న రోబోను నడిపినప్పుడు ఆలస్యం అర సెకను నుంచి ముప్పావు సెకను దాకా ఉంది. వాళ్లు కోసింది రబ్బరు బ్యాండ్లను. రబ్బరు బ్యాండుకు రక్తం కారదు కాబట్టి ఎంతసేపు ఆగినా చెల్లింది.

ప్రశ్న: నేను నెట్‌వర్క్ ఇంజినీరుని. మా వీధిలో నెలకోసారి ఏదో ఒక తవ్వకంలో కేబుల్ తెగి ఇంటర్నెట్ పోతుంది. ఆపరేషన్ మధ్యలో లైను పోతే ఏమవుతుంది? ఎవరైనా హ్యాక్ చేస్తే?
– ఒక పాఠకుడు, వైట్‌ఫీల్డ్, బెంగళూరు

జవాబు: బెంగళూరు జేసీబీకి మీరు భయపడటంలో న్యాయముంది. లైను పోతే రోబో చేతులు ఎక్కడున్నవి అక్కడే బిగుసుకుపోవాలి. ఆఖరి ఆదేశాన్ని పట్టుకుని ముందుకు పోకూడదు. ఈ జాగ్రత్త యంత్రంలోనే ఉంటుంది. దానికి తోడు, ఒక దారి తెగితే మరో దారి ఉండేలా రెండు వేర్వేరు లైన్లు, వీలైతే వేర్వేరు కంపెనీలవి, పెడతారు. రెండూ ఒకే గోతిలోంచి పోతున్నాయా అని చూడటం మీలాంటివారి పని. పేరుకు రెండు లైన్లుండి, వంతెన దగ్గర ఒకే గొట్టంలో కలిసిపోవడం మీకు తెలియనిది కాదు.

అయితే బిగుసుకుపోవడం అన్నివేళలా క్షేమం కాదు. పట్టుకారు ఒక రక్తనాళాన్ని పట్టుకుని ఉండగా నిలిచిపోతే ఫరవాలేదు. నాళం తెగి రక్తం ఉబికే క్షణంలో నిలిచిపోతే, ఆ చేతులను విప్పి పక్కకు తీసేసి, మనిషి చెయ్యి లోపలికి వెళ్లాలి. అందుకు ఎంత సమయం పడుతుందన్నదే అసలు లెక్క.

దూరం నుంచి చేసినది కాదు గాని, నా అనుభవం ఒకటి చెబుతాను. కొన్నేళ్ల కిందట ఒక ఆసుపత్రిలో నేను కన్సోల్ మీద ఉండగా, పేగును వేరు చేస్తున్న సమయంలో తెర మీద లోపం ఉన్నట్టు సూచన వచ్చి చేతులు ఆగిపోయాయి. నేను పది అడుగుల దూరంలో, స్టెరైల్ గౌను లేకుండా, మేజోళ్లతో ఉన్నాను. చేతులు కడుక్కుని, గౌను, గ్లవుజులు వేసుకుని వచ్చేసరికి కొన్ని నిమిషాలు పట్టింది. ఆ కొన్ని నిమిషాలూ రోగి పక్కన నిలబడ్డ జూనియర్ డాక్టరు నోరెత్తకుండా, సక్షన్ గొట్టంతో రక్తం తీసేస్తూ, గాజుగుడ్డతో అదిమి పట్టుకుని నిలబడింది. యంత్రాన్ని మళ్లీ నడిపే ప్రయత్నం ఒకటి విఫలమయ్యాక, చేతులు విప్పేసి మామూలు లాపరోస్కోపీతో పని ముగించాం. రోగి నాలుగో రోజు ఇంటికి వెళ్లాడు. యంత్రాన్ని విప్పే కసరత్తు అంతకు ముందు నెలలోనే మేమంతా గడియారం పెట్టుకుని చేసి ఉండటం ఆ రోజు అక్కరకొచ్చింది. ఆ ఆసుపత్రి దాన్ని కాగితం మీద సంతకాల కోసమే పెట్టిందని మేము అప్పటిదాకా విసుక్కుంటూ ఉండేవాళ్లం. అదే నేను మూడు వందల కిలోమీటర్ల దూరంలో ఉండి ఉంటే, గౌను వేసుకుని రావలసింది నేను కాదు. అప్పటికే గౌనుతో నిలబడి ఉన్న మరో పూర్తిస్థాయి సర్జన్. జూనియర్ చాలదు. రోగి పక్కన రెండో కన్సోల్ కూడా ఉంటే, అక్కడి సర్జన్ దాని ముందుకు వచ్చి అదే చేతులను తన అధీనంలోకి తీసుకోవచ్చు.

హ్యాకింగ్ ఊహ మాత్రమే కాదు. 2015లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు తమ ప్రయోగశాలలోని రేవెన్ అనే టెలీసర్జరీ (దూరం నుంచి చేసే ఆపరేషన్) రోబో మీద తామే దాడి చేసి చూశారు. దారిలో వెళ్లే ఆదేశాలను ఆలస్యం చేయడం, మార్చడం, చివరికి రోబోను పూర్తిగా చేజిక్కించుకోవడం కూడా సాధ్యమైంది. ఆ రోబో పరిశోధన కోసం చేసినది, ఆదేశాలు బహిరంగ నెట్‌వర్క్ మీద వెళ్లేలా అమర్చినది. కేటాయించిన లైను, గుప్తీకరించిన (మధ్యలో ఎవరూ చదవలేని సంకేతాల్లోకి మార్చిన) ఆదేశాలు ఉంటే దాడి చేసేవారి పని కష్టమవుతుంది. గుప్తీకరణకు కూడా కొన్ని మిల్లీసెకన్లు పడతాయి కదా అని మీరు అడగబోతారు. నిజమే, పడతాయి, ఆ ఖర్చు పెట్టక తప్పదు.

ప్రశ్న: కొన్నాళ్లకు డాక్టరు అవసరమే లేకుండా రోబోలే ఆపరేషన్ చేస్తాయా? నేను ప్లస్ టూ చదువుతున్నాను, డాక్టరు కావాలని ఉంది.
– ఒక విద్యార్థి, తాంబరం, చెన్నై

జవాబు: చదువు ఆపకు బాబూ. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం వారు స్టార్ అనే రోబోతో పందుల పేగు రెండు కొసలను, సర్జన్ చెయ్యి చాలా తక్కువగా కలుగజేసుకునేలా, కుట్టించి 2022లో ఫలితాలు ప్రకటించారు. కుట్లు ఒకే ఎడంతో పడ్డాయి. అది సిద్ధం చేసిన పేగు మీద, ఒకే పని. తొమ్మిది నెలల కిందట ఒకసారి ఆపరేషన్ అయి, లోపల అన్నీ ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్న కడుపును తెరిచినప్పుడు ఎక్కడ మొదలుపెట్టాలో తేల్చుకోవడం వేరే విద్య.

ప్రశ్న: రోబోటిక్ ఆపరేషన్‌కు ఆరోగ్య బీమా వర్తిస్తుందా? డాక్టరు వేరే ఊళ్లో ఉండి చేస్తే?
– ఒక పాఠకురాలు, అణ్ణానగర్, చెన్నై

జవాబు: బీమా నియంత్రణ సంస్థ 2019లో జారీ చేసిన ఆదేశాల ప్రకారం రోబోటిక్ ఆపరేషన్లు సహా పన్నెండు ఆధునిక పద్ధతులను పాలసీలు మినహాయించడానికి వీల్లేదు. 2020 అక్టోబరు నుంచి పాత పాలసీలకు కూడా అది వర్తించింది. కాని ఆ ఖర్చుకు ఒక పరిమితి పెట్టుకోవడానికి కంపెనీలకు వెసులుబాటు ఉంది. పది లక్షల పాలసీలో రోబో ఆపరేషన్‌కు అందులో కొంత శాతమే అని ఉండవచ్చు. క్యాష్‌లెస్ అనుమతి వచ్చిందని ధైర్యపడి, డిశ్చార్జి రోజున బిల్లు చూసి కళ్లు తేలవేసినవారిని నేను చూశాను. పాలసీ కాగితంలో ఆధునిక చికిత్సలు అనే శీర్షిక కింద ఏముందో ముందే చదవండి.

దూరం నుంచి చేసే ఆపరేషన్ సంగతి వేరు. ఫోనులో, వీడియోలో వైద్య సలహాలకు 2020 మార్చిలో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలు, దూరం నుంచి శస్త్రచికిత్స చేయడం తమ పరిధిలోకి రాదని స్పష్టంగా చెప్పాయి. ఆ తరువాత 2024 చివర్లో కేంద్ర ఔషధ ప్రమాణాల నియంత్రణ సంస్థ మంత్ర రోబోను టెలీసర్జరీకి వాడేందుకు అనుమతించింది. అది పరికరానికి ఇచ్చిన అనుమతి. అలాంటి ఆపరేషన్‌కు ఒప్పుకునే ముందు సమ్మతి పత్రంలో ఇద్దరు సర్జన్ల పేర్లూ, ఎవరు ఎక్కడ ఉంటారో, లైను పోతే పని ఎవరు చేపడతారో రాసి ఉన్నాయా అని చూసి, లేకపోతే రాయమని అడగండి. బీమా కంపెనీ నుంచి కూడా ఆ ఒక్క ఆపరేషన్‌కు రాతపూర్వకంగా జవాబు తీసుకోండి.

ప్రశ్న: మాది కదిరి. పెద్ద జబ్బు వస్తే అంతా బెంగళూరు బస్సెక్కడమే. ఇక్కడి డాక్టర్లు ఇక్కడే కూర్చుని మా ఊరి ఆసుపత్రిలో ఆపరేషన్లు చేసే రోజు వస్తుందా?
– ఒక పాఠకుడు, హెబ్బాళ, బెంగళూరు

జవాబు: సాంకేతికంగా రేపే సాధ్యం. కదిరికీ బెంగళూరుకూ మధ్య తీగ మీద పట్టే సమయం లెక్కలోకే రాదు. అడ్డం అక్కడ లేదు.

మొదటి అడ్డం యంత్రం. చెన్నై ఓమందూరర్ ఎస్టేట్‌లోని ప్రభుత్వ మల్టీ సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రిలో 2022లో రోబోటిక్ విభాగం పెట్టడానికి దాదాపు 35 కోట్ల రూపాయలు ఖర్చయింది. పరికరాల కొసలు కూడా సబ్బు బిళ్లల్లా అరిగిపోయేవే. ఒక్కో దానికి ఇన్నిసార్లే వాడాలన్న లెక్క ఉంటుంది, ఆ లెక్క పూర్తయితే యంత్రమే దాన్ని ఒప్పుకోదు. రెండో అడ్డం నేను పై జవాబుల్లో చెబుతూ వస్తున్నదే. దూరపు సర్జన్ ఉన్నంత మాత్రాన రోగి పక్కన కోత కోయగల సర్జన్, మత్తు డాక్టరు, రక్తనిధి, ఐసీయూ లేకుండా పని జరగదు. అవన్నీ కదిరిలో ఉంటే, మామూలు పేగు ఆపరేషన్లు ఆ సర్జనే చేస్తారు. అవి లేకపోతే ఎంత గొప్ప సర్జన్ బెంగళూరులో కన్సోల్ ముందు కూర్చున్నా నేను మా వాళ్లను ఆ బల్ల మీద పడుకోబెట్టను.

దీనికి మధ్యేమార్గం ఒకటుంది, నాకు ఎక్కువ ఆశ అక్కడే. కెనడాలో డాక్టర్ మెహ్రాన్ అన్వరి 2003 నుంచి హామిల్టన్‌లో కూర్చుని, 400 కిలోమీటర్ల దూరంలో ఉన్న నార్త్ బే అనే చిన్న ఊరి ఆసుపత్రిలో ఇరవైకి పైగా ఆపరేషన్లు చేశారు. అక్కడ స్థానిక సర్జన్ రోగి పక్కనే ఉండి, కొంత పని తాను, కొంత దూరపు సర్జన్ పంచుకుంటూ చేశారు. కష్టమైన మలుపులో పెద్దవాడి చెయ్యి దొరుకుతుంది, అలా కొన్ని చేశాక చిన్న ఊరి సర్జన్ చెయ్యి కూడా తిరుగుతుంది. ఆ పద్ధతిలో రోబో లేకపోయినా నడుస్తుంది. లాపరోస్కోపీ కెమెరా బొమ్మను బెంగళూరు పంపి, అక్కడి నుంచి తెర మీద గీత గీసి "ఈ పొర వెంట పోండి, ఆ నాళం జోలికి పోకండి" అని చెబితే చాలు. ఆ చెప్పే మాటకు సెకను ఆలస్యమైనా నష్టం లేదు. ఆ సెకను పాటు కత్తి స్థానిక సర్జన్ చేతిలో ఆగి ఉంటుంది.

మనవైపు ఇందుకు పునాది ఎప్పుడో పడింది. చిత్తూరు జిల్లా అరగొండలోని ఆసుపత్రిని 2000 సంవత్సరంలోనే ఉపగ్రహం ద్వారా చెన్నై అపోలోతో కలిపారు. స్కాన్ ఫిల్ములు పైకి వెళ్లేవి, చెన్నై డాక్టరు చూసి అభిప్రాయం చెప్పేవారు. ఉపగ్రహం తెచ్చే అర సెకను ఆలస్యం మాటకు అడ్డం కాలేదు. ఆపరేషన్ బెంగళూరులోనే చేయించుకున్నా, ఆ తరువాతి చూపులకు ప్రతిసారీ బస్సెక్కవలసిన పని లేదు. 2020 మార్గదర్శకాల ప్రకారం ఆపరేషన్ చేసిన డాక్టరు వీడియోలో చూడవచ్చు. కుట్లు విప్పడం కదిరిలో ఏ సర్జన్ అయినా చేస్తారు. గాయం ఫోటో పంపేటప్పుడు మాత్రం ట్యూబులైటు కింద కాకుండా, పగటిపూట కిటికీ దగ్గర, పక్కన ఒక రూపాయి బిళ్ల పెట్టి తీసి పంపండి. ఎరుపు ఎంత ఉంది, వాపు ఎంత వెడల్పు ఉంది అన్నది మాకు అప్పుడే తెలుస్తుంది.